సూర్యకాంతికి అడ్డంకులు

మే నెల తొమ్మిదో తారీఖు ఉదయం పదిన్నరకు మా రాళ్ళగుంట్ల పురపాలక సంఘంలో వేసవి మొదలైంది. అంతకు ముందు రెండు నెలలుగా ఎండలు కాస్తున్న మాట నిజమే. తారు రోడ్డు మీద చెప్పులు అంటుకుపోతున్న మాటా నిజమే. కాని అదంతా ఉత్తర్వులు లేని ఎండ. ఆ రోజు తపాలాలో ఉత్తర్వులు వచ్చాయి.

పంపినవారు పట్టణ పుష్ప వికాస మిషన్. సర్క్యులర్ పదహారు పేజీలు. పేరు 'మధ్య వేసవి ఉద్యాన కర్తవ్యాలు మరియు నాటదగిన మొక్కలు'. నేను పార్కుల సెక్షన్లో జూనియర్ అసిస్టెంటుని గనుక అది నా బల్ల మీదికి చేరింది. పార్కుల సెక్షన్ అంటే పెద్దదేమీ కాదు. నేనూ, ఒక బీరువా, ప్రభుత్వాసుపత్రికి ఎదురుగా ఉన్న ఒకే ఒక్క పార్కు, ఆ పార్కులో పందొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న తోటమాలి శౌరమ్మ.

ఆ సర్క్యులర్ ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. కిందటేడు మిషన్ అధికారులు ఐదుగురు ఎక్కడో ఉత్తరాన ఉన్న చలిదేశానికి అధ్యయన యాత్రకు వెళ్ళొచ్చారు. అక్కడ ఏడాదిలో ఎనిమిది నెలలు చలేనట. ఎండ వచ్చిందంటే జనం పండగ చేసుకుంటారట. పార్కుల్లో దుప్పట్లు పరుచుకుని, చొక్కాలు విప్పేసి, ఎండకు వీపు పెట్టుకుని పడుకుంటారట. వాళ్ళ చుట్టూ ఊదారంగు లావెండర్ పూలు గాలికి ఊగుతుంటాయట. అది చూసి మన అధికారుల మనసు కరిగిపోయింది. 'ఆ దేశమున లభించు ఎండకు పది రెట్లు ఎండ మన పట్టణములలో వృథాగా పోవుచున్నది' అని మిషన్ ప్రత్యేకాధికారి శ్రీమతి విద్యుల్లత గారు ముందుమాటలో ఆవేదన వెలిబుచ్చారు.

ఆ ఆవేదన తర్వాత కర్తవ్యాలు. మధ్య వేసవిలో ప్రతి పార్కులోనూ లావెండర్ నాటవలెను. తోట పని ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు వరకు గల ఆహ్లాదకర సమయంలో చేయవలెను. ప్రజలు ఎండను అనుభవించుటకు వీలుగా బెంచీలను ఆరుబయటకు మార్చవలెను. సిబ్బంది ఉన్ని దుస్తుల వాడకమును క్రమేణా తగ్గించుకొనవచ్చును.

మా కమిషనర్ త్రిలోచనరావు గారు ఉత్తర్వు దేన్నీ తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే సమావేశం పెట్టారు. ఆయన గదిలో ఏసీ చల్లగా ఉంది. శౌరమ్మ తలుపు దగ్గర, చెమటకు తడిసిన కొంగు భుజాన కప్పుకుని నిలబడింది.

"ముందుగా ఉన్ని దుస్తుల విషయం," అన్నారు కమిషనర్. "చలపతీ, మన సిబ్బందిలో ఉన్ని దుస్తులు వాడేవాళ్ళు ఎంతమంది?"

"ఎవరూ లేరు సార్."

"ఎవరూ లేరని రాస్తే అమలు చేయలేదనుకుంటారు. వాడకం పూర్తిగా తగ్గించడమైనది అని రాయి."

రాశాను. అది మా మొదటి విజయం.

"ఇక నాటే పని. వచ్చే వారం పన్నెండు వందల లావెండర్ మొక్కలు వస్తున్నాయి. శౌరమ్మా, పాదులు సిద్ధం చెయ్యి."

శౌరమ్మ ఒక అడుగు ముందుకేసింది. "అయ్యా, ఇప్పుడు నాటేదానికి అదును గాదు. రోహిణి కార్తె ఇంకా రాలేదు. ఎండ ఇంకా ముదరాల. ఈ రోజుల్లో మొక్కకి చేసేదల్లా పాదు చుట్టూ ఎండుటాకు పరిచి, తెల్లారేతలికి నీళ్ళు పోసి, బతికించుకోవటమే. కొమ్మ గూడా కత్తిరించగూడదు. ఇప్పుడు నాటాలంటే బిళ్ళగన్నేరు, గడ్డిగులాబి, అయ్యయితే ఎండకి ఓర్చుకుంటయ్యి. మిగతాయి మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాక పెట్టుకోవాల."

ఇంత సూటిగా ఆ గదిలో ఎవరూ మాట్లాడి ఉండరు. కమిషనర్ ఆమె చెప్పింది పూర్తిగా విన్నారు. విని, "సర్క్యులర్‌లో రోహిణి కార్తె ప్రస్తావన ఉందా చలపతీ?" అని అడిగారు.

"లేదు సార్."

"మృగశిర?"

"లేదు సార్."

"చూశావా శౌరమ్మా. లేని విషయాలు మనం చర్చించకూడదు."

"ఎండ ఉంది గదయ్యా! నిన్న నలభై ఆరంట."

కమిషనర్ గారు ఓపిగ్గా నవ్వారు. "ఎండ అనేది విపత్తుల నిర్వహణ వాళ్ళ సబ్జెక్టమ్మా. అది వాళ్ళు చూసుకుంటారు. మనకి అప్పజెప్పింది వేసవి."

అయినా నా మనసు ఊరుకోక, మిషన్ వారికి ఒక వివరణ కోరుతూ ఉత్తరం రాశాను. మా ప్రాంతంలో మే నెలలో వాతావరణం వేరు గనుక, నాటే కార్యక్రమాన్ని వర్షాలు పడిన తర్వాతకు వాయిదా వేసుకోవచ్చునా అని వినయంగా అడిగాను. మూడు రోజుల్లో జవాబొచ్చింది. అంత త్వరగా జవాబు రావడం నా పదకొండేళ్ళ ఉద్యోగంలో అదే మొదలు.

'మధ్య వేసవి అనగా వేసవి మధ్య. వేసవి మధ్యలో వర్షములుండవు. వర్షములు పడిన తర్వాత మధ్య వేసవి ఉండదు. కావున మీ ప్రతిపాదన స్వయముగానే పరస్పర విరుద్ధము. ఇటువంటి ఉత్తర ప్రత్యుత్తరములతో ఉత్సాహమును చల్లార్చరాదు.'

చల్లారడం అనే మాట ఆ నెలలో నేను చూసింది ఆ ఒక్క చోటే.

లావెండర్ మొక్కలు ఏసీ వ్యానులో వచ్చాయి. ఒక్కో మొక్కకూ చిన్న కుండీ, మెడలో పేరు రాసిన చీటీ. వ్యాను తలుపు తెరవగానే లోపల నుంచి చల్లగాలి, ఒక మంచి వాసన వచ్చాయి. ఆసుపత్రిలో మనుషుల్ని చేర్పించి పార్కులో పడిగాపులు కాస్తున్న రోగుల బంధువులు ఇరవై మంది దాకా లేచొచ్చి ఆ చల్లగాలి కోసం వ్యాను వెనక నిలబడ్డారు.

ఆ పార్కు గురించి కూడా చెప్పాలి. అందులో పువ్వులు పెద్దగా లేవు. గట్టిగా చెప్పుకోదగ్గవి పదకొండు కానుగ చెట్లు. చిత్రమేమంటే ఊళ్ళో చెట్లన్నీ మోడుబారే రోజుల్లో కానుగ కొత్తాకు వేస్తుంది. సరిగ్గా మే నెలలో, ఎండ తల మీద కూర్చున్నప్పుడు, లేతపచ్చగా గుబురు కట్టి కిందికి ఒక్క ఎండ చుక్కనూ రానివ్వదు. పలనాటి పల్లెల నుంచి ఆసుపత్రికి వచ్చినవాళ్ళ వెంట ఉండేవాళ్ళకు లోపల చోటుండదు. వాళ్ళు వండుకోవడం, తినడం, పడుకోవడం, పిల్ల పుట్టిందన్న కబురు వినడం, ఒక్కోసారి మరో రకం కబురు వినడం, అన్నీ ఆ చెట్ల కిందే.

శౌరమ్మ మొదటి రోజు పదకొండు గంటలకు ఆహ్లాదకర సమయం ప్రారంభం కాగానే గునపం పట్టుకుని ఎండలో దిగింది. మధ్యాహ్నం మూడుకి నాలుగొందల మొక్కలు నాటింది. మూడున్నరకి మొదట నాటినవి తలలు వాల్చేశాయి. రెండో రోజు పన్నెండున్నరకు శౌరమ్మే తల వాల్చేసింది. పాదులో గునపం దించి, అలాగే ముందుకు ఒరిగిపోయింది. రోగుల బంధువులు పరుగెత్తుకొచ్చి ఆమెను మోసుకుపోయి కానుగ కింద పడుకోబెట్టారు. ఒక ముసలాయన తన సద్ది డబ్బాలోని మజ్జిగ ఆమె నోట్లో పోశాడు. గంటకు కళ్ళు తెరిచింది.

ఆ సాయంత్రం కమిషనర్ గారి ఆదేశం ప్రకారం నేను ఒక మెమో టైపు చేశాను. 'పని వేళలలో ఒక గంట పాటు నీడలో ఉండుటపై సంజాయిషీ కోరడమైనది.'

మెమో అందుకుని శౌరమ్మ వేలిముద్ర వేసింది. "సంజాయిషీ అంటే ఏం చెప్పాల సారూ?"

"ఎందుకు నీడలో ఉన్నావో చెప్పాలి."

"పడిపోయాను గదా."

"అదే రాస్తాను."

"నన్ను మోసుకుపోయినోళ్ళ పేర్లు రాయమాకండి. ఆళ్ళకి గూడా పంపిస్తారు కాయితం."

నాలుగు రోజుల్లో పన్నెండు వందల మొక్కలూ నాటడం పూర్తయింది. ఐదో రోజుకి అవన్నీ పుల్లలు. నాకు రిజిస్టరు రాయాల్సి వచ్చింది. మిషన్ వారు పంపిన రిజిస్టరులో మొక్క స్థితి అని ఒక గడి ఉంది. దాని కింద రెండే అవకాశాలు: 'వికసించినది', 'వికసించబోవుచున్నది'. చచ్చిపోయిన మొక్కకు గడి లేదు. ఆ చలిదేశంలో మధ్య వేసవిలో మొక్క చావదు కాబోలు. పుల్లల వంక చాలాసేపు చూసి, వికసించినవి మాత్రం కావు గనుక, పన్నెండు వందలకీ 'వికసించబోవుచున్నది' అని రాశాను.

మొక్కలు వికసించబోతూ వికసించబోతూ అక్కడే ఉండిపోవడంతో మిషన్ వారికి అనుమానం వచ్చింది. ఫొటోలు పంపమన్నారు. పంపాం. నిపుణుల సంఘం కూర్చుని పరిశీలించింది. రెండు రోజుల తర్వాత విద్యుల్లత గారే వీడియోలో మాట్లాడారు. కమిషనర్ గారు లేచి నిలబడి విన్నారు. ఆయన వెనక నేను.

"త్రిలోచనరావు గారూ, మీ ఫొటోలు చూశాం. మొక్కలు ఎదగకపోవడానికి కారణం స్పష్టంగా కనిపిస్తోంది. పాదుల మీద నీడ పడుతోంది."

"నీడా మేడమ్?"

"పెద్ద నీడ. మా మార్గదర్శకాల ప్రకారం లావెండర్‌కి రోజుకి కనీసం ఆరు గంటల పూర్తి సూర్యకాంతి ఉండాలి. మీ పార్కులో సూర్యకాంతికి పదకొండు అడ్డంకులు ఉన్నాయి."

కమిషనర్ గారు వెనక్కి తిరిగి నా వంక చూశారు. పదకొండు అన్న అంకె వినగానే ఆ అడ్డంకులేవో నాకు అర్థమైంది.

"అవి చెట్లు మేడమ్," అన్నాను, నోరు జారి.

"మా పరిభాషలో అడ్డంకులు. ఇరవై ఆరో తారీఖు నేను స్వయంగా వస్తాను. ఆ లోపు తొలగింపు పూర్తయినట్టు ప్రగతి నివేదిక పంపండి. చివరి చెట్టు మాత్రం నా కోసం ఉంచండి. దాన్ని తొలగించి ఆ స్థలంలో సూర్యకాంతిని నేనే ఆవిష్కరిస్తాను."

ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. 'సూర్యకాంతికి అడ్డంకుల తొలగింపు గురించి' అని విషయం రాశాను. చెట్లు అన్న మాట ఎక్కడా రాకుండా ఒకటిన్నర పేజీ నిండింది. రాస్తున్నంతసేపూ నేను చేస్తున్నది టైపు మాత్రమేనని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగంలో ఆ మాట చాలా పనికొస్తుంది.

రంపాల వాళ్ళు ఇరవయ్యో తారీఖున దిగారు. మొదటి చెట్టు పడేటప్పుడు దాని కింద ఉన్నవాళ్ళు మూటలు పట్టుకుని రెండో చెట్టు కిందికి మారారు. రెండోది పడితే మూడో దాని కిందికి. కాన్పు వార్డులో కూతుర్ని చేర్పించి వచ్చిన ఒకావిడ పొయ్యి మీద అన్నం గిన్నెను అలాగే ఎత్తుకుని నడిచింది. శౌరమ్మకు మజ్జిగ పోసిన ముసలాయన నా దగ్గరికొచ్చాడు.

"ఏంది సారూ, మేము చేసిన తప్పేందసలు?"

"మీ తప్పేం లేదు. పూల కోసం."

ఆయన పుల్లల వంక చూశాడు. నా వంక చూశాడు. మూట ఎత్తుకుని పక్క చెట్టు కిందికి నడిచాడు.

శౌరమ్మ నరకొద్దని అడ్డం పడుకోలేదు, అరవలేదు. రంపాల వాళ్ళ మేస్త్రీ దగ్గరికి పోయి, "నాయనా, పనివేళలు పదకొండు నుంచి మూడే. ఆర్డరులో ఉంది. దానికి ముందూ ఎనకా రంపం పెడితే నీ మీద గూడా మెమో వస్తది," అని చెప్పింది. మేస్త్రీ భయపడి నన్నడిగాడు. ఆర్డరు తీసి చూపించాను. నిజంగానే ఉంది. ఆ నాలుగు గంటల ఎండలో రంపం పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కేవి. అందుకని వాళ్ళు కాసేపు కోయడం, కాసేపు ఇంకా కోయని చెట్టు కింద కూర్చోవడం. రోజుకో చెట్టు కంటే ఎక్కువ పడలేదు. నాలుగు రోజులకి నాలుగు చెట్లు. ఐదో రోజు వాళ్ళు రాలేదు. ఇద్దరికి వడదెబ్బ తగిలింది, ఎదురుగా ఉన్న ఆసుపత్రిలోనే ఉన్నారు. వాళ్ళ బంధువులు వచ్చి ఐదో చెట్టు కింద కూర్చున్నారు.

కాని ప్రగతి నివేదిక ఎవరి చేతులు బొబ్బలెక్కినా ఆగదు. ఇరవై నాలుగున కమిషనర్ గారు, మిగతావి ఎలాగూ పడతాయి గదా అని, 'పదకొండు అడ్డంకులలో పదింటిని తొలగించడమైనది, పదకొండవది ఆవిష్కరణ నిమిత్తము నిలిపి ఉంచడమైనది' అని రాయించి పంపేశారు.

ఆ తర్వాత గుర్తొచ్చింది ఆయనకు, పువ్వులు లేవని.

"ఆవిడ వచ్చి ఏం చూస్తుంది చలపతీ? పుల్లలు చూపిస్తామా?" అంటూ గదిలో అటూ ఇటూ తిరిగారు. చివరికి శౌరమ్మను పిలిపించారు. శౌరమ్మ ఇంటి ముందర పాత డబ్బాల్లో, పగిలిన బకెట్లలో, సిమెంటు సంచుల్లో బిళ్ళగన్నేరు విరగబూసి ఉంటుందని ఆయనకెవరో చెప్పారు. ఊదారంగుకి దగ్గర రంగు.

"శౌరమ్మా, ఆ మొక్కలు రేపటికి పార్కులో పెట్టాలి. ఇది మున్సిపాలిటీ పరువు సమస్య."

"పెడతాను అయ్యా. మిగిలిన ఏడు చెట్లూ ఒదిలేత్తారా?"

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. "నీ విజ్ఞప్తిని సానుభూతితో పరిశీలిస్తాం."

శౌరమ్మ ముఖం విప్పారింది. ఆమెకు ఆ మాట మామూలు తెలుగులో అర్థమైంది. నాకు ఆఫీసు తెలుగులో అర్థమైంది. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆమె మర్నాడు తెల్లవారుజామునే మూడు తోపుడు బండ్ల మీద తన మొక్కలన్నీ తెచ్చి, లావెండర్ పుల్లలు పీకి, ఆ పాదుల్లో పెట్టి, చల్లగా నీళ్ళు పోసింది.

ఇరవై ఆరు. రోహిణి కార్తె రెండో రోజు. విద్యుల్లత గారు పదకొండున్నరకు కారు దిగారు. తెల్లటి టోపీ, నల్ల కళ్ళద్దాలు. పుష్పగుచ్ఛం అందుకుంటుండగానే ఆమె ముఖం ఎర్రబడింది. నేరుగా పూల దగ్గరికి నడిచారు.

"అద్భుతం! అడ్డంకులు తొలగించగానే వికసించాయి చూశారా?" అంటూ వంగి వాసన చూశారు. ఇంకోసారి చూశారు. "వాసన లేదేమిటి?"

"ఎండకి కాస్త ఆవిరైంది మేడమ్," అన్నారు కమిషనర్ గారు.

ఆమె తల ఊపారు. తలెత్తి చుట్టూ చూశారు. "త్రిలోచనరావు గారూ, పదింటిని తొలగించినట్టు నివేదిక వచ్చింది. నాకు ఏడు కనిపిస్తున్నాయి."

"ప్రక్రియ తుది దశలో ఉంది మేడమ్," అన్నారు కమిషనర్ గారు, చెమట తుడుచుకుంటూ.

కుర్చీలు ఆరుబయట వేసి ఉన్నాయి. షామియానా లేదు. మధ్య వేసవి కార్యక్రమంలో నీడ కల్పించుట నిబంధనలకు విరుద్ధమని కమిషనర్ గారే తీయించేశారు. ఇనప కుర్చీలు. ఉదయం ఆరు నుంచీ ఎండలో ఉన్నాయి. విద్యుల్లత గారు కూర్చున్నారు, వెంటనే లేచారు. నిలబడే వింటానన్నారు. మిగతా అధికారులు కూడా గౌరవంగా లేచి నిలబడ్డారు.

కమిషనర్ గారు ప్రసంగం మొదలుపెట్టారు. 'సూర్యభగవానుడు మనకు ప్రసాదించిన' అనే దగ్గర మొదటి వరుసలో ఇంజనీరు గారు ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఐదో కానుగ కిందికి నడిచారు. 'అపారమైన కాంతి సంపదను' అనే దగ్గర శానిటరీ ఇన్‌స్పెక్టరు మంచినీళ్ళ కోసమన్నట్టు అటే పోయారు. ఆయన తిరిగి రాలేదు. ఒకరి వెనక ఒకరు, ఏదో పనున్నట్టు, చెట్టు కిందికి చేరుకున్నారు. ఐదు నిమిషాల్లో ఎండలో మైకు పట్టుకున్న కమిషనర్ గారు, విద్యుల్లత గారు మాత్రమే మిగిలారు. ఆమె టోపీ అంచు నుంచి చెమట కారుతోంది. "ఆవిష్కరణ స్థలాన్ని పరిశీలిస్తాను," అంటూ ఆమె కూడా నడిచి, నీడలో అడుగుపెట్టి, కళ్ళద్దాలు తీసి, ఒక దీర్ఘమైన నిట్టూర్పు విడిచారు. మైకు అక్కడే పెట్టేసి కమిషనర్ గారు కూడా వచ్చేశారు.

అప్పుడా చెట్టు కింద రోగుల బంధువులు ఒక వైపు, అధికారులు ఒక వైపు. మధ్యలో రిబ్బను కట్టిన గొడ్డలి పట్టుకుని మేస్త్రీ. అతను తల పైకెత్తి కొమ్మల్ని చూశాడు, కింద నిలబడ్డవాళ్ళని చూశాడు.

"మేడమ్, ఇక కొట్టమంటారా?" అన్నాడు.

అందరూ ఒక్కసారి పైకి చూశారు. ఆ చెట్టు పడితే ఎటు పడుతుందో లెక్కవేసుకున్నారు. ఎటు పడ్డా వాళ్ళ మీదే. పక్కకు జరగాలంటే ఎండలోకి జరగాలి. ఎవరూ కదల్లేదు.

విద్యుల్లత గారు గొడ్డలి వంక కాకుండా, పక్కనే నిలబడ్డ శౌరమ్మ వంక చూశారు. "ఇక్కడ ఇంత చల్లగా ఎందుకుంది?"

"చెట్టు గదమ్మా."

"ఎవరు నాటారు దీన్ని?"

శౌరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాటినోళ్ళు పోయారమ్మా. కొట్టమన్నోళ్ళు మీరే."

కమిషనర్ గారు శౌరమ్మను కళ్ళతోనే ఉద్యోగం నుంచి తీసేశారు. విద్యుల్లత గారు మాత్రం కోప్పడలేదు. చాలాసేపు ఆ ఆకుల్లోకి చూస్తూ ఉండిపోయారు. ఆమె ముఖంలో ఏదో కదిలింది. ఒక్క క్షణం ఆమె కూడా ఆసుపత్రి ముందు పడిగాపులు కాసిన ఇంటి నుంచే వచ్చారేమో అనిపించింది నాకు. ఆ క్షణం దాటిపోయాక ఆమె మళ్ళీ ప్రత్యేకాధికారి అయిపోయారు.

"పదకొండూ తొలగించినట్టు నివేదిక పైకి వెళ్ళిపోయిందా?"

"పది మేడమ్. పదకొండోది ఈ రోజు తొలగినట్టు పత్రికా ప్రకటన కూడా వెళ్ళిపోయింది."

"నివేదికను వెనక్కి తీసుకోలేం. తప్పు జరిగిందని ఒప్పుకోవాల్సి వస్తుంది. రాసుకోండి."

నేను కాగితం తీశాను. ఆమె చెట్టు మొదట్లో నిలబడి చెప్పారు, నేను రాశాను. 'రాళ్ళగుంట్ల పురపాలక పార్కులో మిగిలియున్న ఏడు అడ్డంకులను ఇందుమూలముగా నరకబడినట్లుగా భావించవలెను. వాటి వలన కలుగు నీడను లేనట్లుగా పరిగణించవలెను.'

సంతకం పెట్టి, గొడ్డలి రిబ్బను కత్తిరించి, ఫొటో దిగి, ఆమె కారెక్కారు. ఏడు చెట్లూ నరకబడి, నిలబడే ఉన్నాయి. ముసలాయన వాటి వంక చూసి, "ఇంతకీ కొట్టినట్టా, కొట్టనట్టా?" అన్నాడు. కొట్టినట్టేనని చెప్పాను. ఆయన దుప్పటి పరుచుకుని ఒక నరికిన చెట్టు నీడలో పడుకున్నాడు.

కథ అక్కడితో సుఖంగా ముగిసేదే. కాని పది చెట్లకు ఒక తోటమాలి చొప్పున అనే నిబంధన ఒకటుంది. చెట్లు సున్నా అయ్యాయి గనుక శౌరమ్మ పోస్టు రద్దు చేస్తూ ఉత్తర్వు తయారు చెయ్యమని కమిషనర్ గారు చెప్పారు. ఆ 'మీరే' అన్న మాట ఆయన మర్చిపోలేదు.

నేను కాగితం టైపు మిషన్లో పెట్టాను. 'విషయము' దాకా కొట్టాను. తర్వాత వేళ్ళు ఆడలేదు. ఆ పార్కులో శౌరమ్మను మెమోతో సత్కరించింది నేను, ఉత్తర్వు టైపు చేసింది నేను, పరిశీలిస్తాం అన్నప్పుడు నోరు మూసుకున్నది నేను. మళ్ళీ ఇదీ నేనే. కాగితం తీసేసి, ఇంకోటి పెట్టి, నా ఉద్యోగంలో మొదటిసారి నా బుర్రతో ఒక నోటు రాశాను. 'రిజిస్టరు ప్రకారం పార్కులో పన్నెండు వందల లావెండర్ మొక్కలు వికసించబోవుచున్న దశలో ఉన్నవి. ప్రత్యేకాధికారి వారు స్వయముగా వాటిని వీక్షించి ప్రశంసించియున్నారు. ఈ కీలక దశలో సంరక్షకురాలిని తొలగించినచో, మొక్కలకు ఏదైనా జరిగినయెడల, బాధ్యత ఉత్తర్వుపై సంతకము చేసిన అధికారిపై ఉండగలదని మనవి.'

త్రిలోచనరావు గారు ఆ నోటు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, నన్ను కొత్తగా చూసినట్టు చూశారు.

"నీకు ఇంత ఆఫీసు భాష వచ్చని నాకు తెలియదే," అన్నారు.

"మీ దగ్గర నేర్చుకున్నదే సార్."

శౌరమ్మను కొనసాగిస్తూ సంతకం పెట్టారు.

జూన్ రెండో వారంలో వాన పడింది. మొదట దుమ్ము లేపి, తర్వాత దుమ్ము అణచి, ఊరంతా మట్టివాసన నింపి, గంటన్నర కురిసింది. రెండో వాన పడ్డ మర్నాడు సాయంత్రం నేను రిజిస్టరు చంకన పెట్టుకుని పార్కుకి వెళ్ళాను. నాలుగు మోళ్ళకు కాస్త ఎడంగా శౌరమ్మ నాలుగు గుంటలు తవ్వి, జానెడు ఎత్తున్న కానుగ మొలకల్ని దించుతోంది. పడ్డ చెట్ల కాయలే ఏరి పాల కవర్లలో వేసి ఇంట్లో మొలిపించిందట.

"ఎన్నేళ్ళకు నీడొస్తుంది శౌరమ్మా?"

"ఆరేళ్ళో ఏడేళ్ళో. వస్తది లే సారూ."

నాకు సంతోషం వేసింది. ఇంత కాలానికి ఆ రిజిస్టరులో ఒక నిజమైన మాట రాసే అవకాశం దొరికింది. తెరిచి, తేదీ వేసి, పెన్ను మూత తీసి, "కానుగ, నాలుగు," అని పైకి చదువుకుంటూ రాయబోయాను.

శౌరమ్మ కంగారుగా మట్టి చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు సారూ. దణ్ణం పెడతాను, రాయమాకండి. ఈటిని బతకనీయండి."

నేను రిజిస్టరు మూసి గట్టు మీద పెట్టాను. చెప్పులు విడిచి, ఆమె చూపించిన చోట, మొక్క చుట్టూ తడిమట్టిని మెల్లగా పాదంతో అదిమాను.